దగ్గే బండికి స్ప్రింగ్ వైద్యం!

తెల్లారగానే నల్లటి పొగ... గుప్పుమనే పెట్రోలు వాసన... నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయే ఇంజిన్! 'కార్బ్యురెటర్ పోయింది, కొత్తది వేయాల్సిందే' అనేస్తారు చాలామంది. కానీ చాలాసార్లు అసలు రోగం అరచేతిలో ఇమిడిపోయే ఓ చుట్ట స్ప్రింగ్‌ది.

స్కూటర్ల కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. డిసెంబరు చలిలో నాన్న చేతక్‌ని బయటికి తీసి, చోక్ లాగి, కిక్ కొట్టేవారు. ఇంజిన్ కాస్త వేడెక్కాక చోక్ మళ్లీ మామూలుగా పెట్టాలి. మర్చిపోతే వీధంతా పొగే! ఈ మతిమరుపుతో పనిలేకుండా అమెరికాలో కార్లకూ ట్రక్కులకూ చోక్ లాగే పనిని యంత్రానికే అప్పగించారు. అదే ఆటోమేటిక్ చోక్.

అక్కడ ట్రక్కంటే మన లారీ కాదు. ముందు క్యాబిన్, వెనక తొట్టి ఉండే పికప్. ఫ్యూయల్ ఇంజెక్షన్ రాకతో 1990ల మొదటికల్లా కొత్త బండ్లలో కార్బ్యురెటర్లు దాదాపు కనుమరుగయ్యాయి. అయినా 1970, 80ల నాటి ఫోర్డ్ ఎఫ్-150లనూ షెవ్రోలె సి10లనూ తాతలిచ్చిన ఆస్తిలా కాపాడుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. మిన్నెసోటా లాంటి మంచు రాష్ట్రాల్లో వాళ్లకు చలికాలం వచ్చిందంటే పొద్దున్నే పరీక్షే.

ఇస్త్రీపెట్టెలోని కిటుకే

వేడెక్కిన ఇంజిన్‌లో బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి సరిపోతుంది. చలిలో పెట్రోలు సరిగా ఆవిరికాదు కాబట్టి గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచాలి. కార్బ్యురెటర్ నోటి దగ్గర ఉండే పల్చటి రేకు మూత చేసే పని ఇదే. దాన్ని నడిపేది రెండు లోహాల పట్టీతో చుట్టిన స్ప్రింగ్. వేడికి ఒక లోహం ఎక్కువగా, రెండోది తక్కువగా వ్యాకోచిస్తాయి. అందుకే చలికి బిగుసుకుని మూత వేస్తుంది, వేడికి సడలి తీస్తుంది. ఈ కిటుకును 18వ శతాబ్దంలోనే ఇంగ్లండ్‌కు చెందిన జాన్ హారిసన్ తన గడియారాల్లో వాడాడు. మన ఇంట్లో ఇస్త్రీపెట్టె వేడిని అదుపు చేసే పట్టీ కూడా ఇలాంటిదే.

నాలుగు పరీక్షలు

మొదటిది: ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండగా ఎయిర్ ఫిల్టర్ తీసి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారి పూర్తిగా నొక్కి వదలాలి. మూత టక్కున పడాలి. పడకపోతే వేలితో కదిపి చూడాలి. బిగుసుకుపోయి ఉంటే ఇరుసుకు జిడ్డు, మసి పట్టినట్టే. కార్బ్యురెటర్ క్లీనర్ కొడితే చాలు. నూనె మాత్రం వేయకూడదు, దుమ్ము పట్టేస్తుంది.

రెండోది: స్టార్టవగానే మూత కొన్ని మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. ఆ పని ఇంజిన్ పీల్పుతో లాగే చిన్న డయాఫ్రమ్‌ది. తెరుచుకోకపోతే దాని రబ్బరు గొట్టం పగిలిందేమో, డయాఫ్రమ్ చిరిగిందేమో చూడాలి.

మూడోది: కొన్ని నిమిషాల్లో మూత నిటారుగా నిలబడాలి. లేదంటే స్ప్రింగ్‌కు వేడి అందట్లేదు. ఎలక్ట్రిక్ చోక్ అయితే ఇంజిన్ నడుస్తుండగా తీగలో కరెంటు వస్తోందో లేదో మీటరుతో చూడాలి. చాలా ఫోర్డ్ ట్రక్కుల్లో ఈ కరెంటు ఆల్టర్నేటర్ నుంచి సుమారు 7 వోల్టులే వస్తుంది. 12 చూపించట్లేదని కంగారుపడక్కర్లేదు! 1970ల నాటి చాలా షెవ్రోలెల్లో కరెంటుతో పనే లేదు. స్ప్రింగ్ ఇంజిన్ మీదే కూర్చుని ఆ వేడినే తీసుకుంటుంది. అక్కడ కడ్డీ వంగిందేమో, తుప్పు పట్టిందేమో చూడాలి.

నాలుగోది: అన్నీ బాగుంటేనే సర్దుబాటు. గుండ్రటి నల్ల డబ్బాకున్న మూడు స్క్రూలు వదులుచేసి, ఒక్కో గీత చొప్పున తిప్పాలి. తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మళ్లీ పరీక్ష.

నిర్లక్ష్యం ఖరీదైనదే

'ఎలాగోలా నడుస్తోందిగా' అనుకుంటే నష్టం మైలేజీతో ఆగదు. ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడల మీది నూనె పొరను కడిగేస్తుంది. ఆయిల్‌లోకి దిగి దాన్ని పల్చన చేస్తుంది. పిస్టన్ రింగులు అరిగిపోతాయి. స్ప్రింగ్‌తో పోయేది ఇంజిన్ దాకా వస్తుందన్నమాట.

ఇంకో మాట. చలిగా ఉందని షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ నడపడం ప్రాణాంతకం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. బండిని ఆరుబయటికి తోసుకెళ్లాకే తాళం తిప్పాలి. స్టార్ట్ చేసేటప్పుడు కార్బ్యురెటర్ మీదికి ముఖం పెట్టకూడదు. మంట ఎగదన్నవచ్చు.

వేళకు మూసుకోవడం, వేళకు తెరుచుకోవడం... చోక్ పనల్లా ఈ రెండే. ఏది తప్పుతోందో తేలితే సగం రిపేరు అయినట్టే. కొత్త కార్బ్యురెటర్‌కు డబ్బులు పెట్టేముందు ఓ పొద్దున ఎయిర్ ఫిల్టర్ తీసి ఆ మూత వంక చూస్తే చాలు... జబ్బేమిటో అదే చెబుతుంది!