నడక, మంచి అలవాట్లు, మందుల కవరు

ఆరోగ్యమే మహాభాగ్యమని మనమందరం చెప్పుకుంటాం. అయితే ఆ భాగ్యాన్ని కాపాడుకోవడానికి రోజుకు ఎంత సమయం, నెలకు ఎంత డబ్బు పక్కన పెడుతున్నామో లెక్క చూసుకునేవారు తక్కువ. ఓ.పి.కి వచ్చే షుగరు, బి.పి. రోగులను "మందులు ఎందుకు ఆపేశారు?" అని అడిగితే మాకు తరచుగా వినిపించే జవాబులు రెండు. మొదటిది, "బాగానే ఉంది గదా అని మానేశానండి." రెండవది, "నెలాఖరుకి డబ్బులు సర్దుబాటు కాలేదండి."

మొదటి జవాబు అలవాటుకు సంబంధించినది. రెండవది ఇంటి లెక్కకు సంబంధించినది. ఫలితం మాత్రం రెండింటికీ ఒకటే. మందులు ఆగిపోయి కొన్నాళ్ళు గడిచాక పక్షవాతమో, గుండెపోటో, కిడ్నీ జబ్బో, మానని కాలి పుండో వస్తుంది. అప్పుడు ఇంట్లో బంగారం తాకట్టుకు వెళుతుంది. పిల్లల ఫీజుకు ఉంచిన డబ్బు ఖర్చవుతుంది. ఆ పైన అప్పు. అందుచేత ఈ సంచికలో నడక గురించి, అలవాట్ల గురించి, డబ్బు జాగ్రత్త గురించి వేరువేరుగా కాక కలిపి వ్రాస్తున్నాము.

నొప్పి లేని జబ్బులు

భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) సహకారంతో జరిగిన సర్వే 2023లో ప్రచురితమైంది. దాని ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు వ్యాధి ఉన్నది. మరో 13 కోట్ల 60 లక్షల మంది షుగరు వ్యాధి హద్దులో ఉన్నారు. పెద్దవారిలో ప్రతి 100 మందిలో సుమారు 35 మందికి బి.పి. ఎక్కువగా ఉన్నది.

ఈ రెండు జబ్బులకూ మొదట్లో నొప్పి ఉండదు. పన్ను నొప్పి పుడితే ఆ రోజే డాక్టరు దగ్గరకు పరిగెత్తుతాం. బి.పి. 180 ఉన్నా చాలామందికి ఏమీ తెలియదు. కావున "నాకు తలనొప్పి లేదు గనుక బి.పి. లేదు" అనుకోవడం పొరపాటు. బి.పి. ఉన్నదీ లేనిదీ కొలిచి చూస్తేనే తెలుస్తుంది. 30 ఏళ్ళు దాటిన ప్రతివారూ ఏడాదికి ఒక్కసారైనా బి.పి., షుగరు చూపించుకోవాలి.

నడక చేసే మేలు

1953లో లండన్‌లో జెరీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు సిటీ బస్సు ఉద్యోగులను పరిశీలించి ఒక విషయం ప్రకటించారు. ఆ బస్సులు రెండంతస్తులవి. డ్రైవరు రోజంతా సీటులో కూర్చుంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు. అయినా కండక్టర్లలో గుండెజబ్బు డ్రైవర్ల కంటే తక్కువగా కనబడింది. శరీర శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని చూపిన తొలి పెద్ద పరిశోధనల్లో ఇది ఒకటి.

మన దగ్గర చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన పరిశోధన 2006లో వెలువడింది. షుగరు హద్దులో ఉన్న 531 మందిని సుమారు రెండున్నరేళ్ళు గమనించారు. క్రమంగా నడిచి, ఆహారం సరిచేసుకున్న వారిలో షుగరు వ్యాధి రావడం సుమారు 28 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన వారిలో సుమారు 26 శాతం తగ్గింది. అంటే నడక, తిండి జాగ్రత్త కలిసి మాత్రతో సమానంగా పనిచేశాయి. అయితే ఇది షుగరు ఇంకా రానివారి సంగతి. ఇప్పటికే షుగరు ఉన్నవారు నడుస్తున్నాము గదా అని మాత్రలు మానకూడదు. నడక, మాత్ర రెండూ కావాలి.

నడిచేటప్పుడు కాలి కండరాలు రక్తంలోని చక్కెరను తీసుకుని ఖర్చు చేస్తాయి. అందువలన భోజనం తరువాత నడిస్తే షుగరు అంతగా పెరగదు. 2016లో న్యూజిలాండ్‌లో షుగరు రోగులపై చేసిన పరిశోధనలో, రోజుకు ఒకేసారి 30 నిమిషాలు నడవడం కంటే ప్రతి భోజనం తరువాత 10 నిమిషాలు నడవడం వలన భోజనానంతర షుగరు బాగా తగ్గింది. రాత్రి భోజనం తరువాత ఈ మేలు మరింత కనబడింది. మనలో చాలామంది రాత్రి అన్నం తిని టీవీ ముందు కూర్చుంటాం, తరువాత పడుకుంటాం. ఆ సమయంలో వీధి చివరి దాకా వెళ్ళి వస్తే చాలు.

ఎంత నడవాలి?

పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు. చురుకు నడక అంటే పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంతగా ఊపిరి వేగం పెరగాలి.

10,000 అడుగులు వేయకపోతే లాభం లేదని కొందరు నిరుత్సాహపడతారు. ఆ సంఖ్య 1960లలో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కించే పరికరం పేరు నుండి ప్రచారంలోకి వచ్చింది. అది డాక్టర్లు నిర్ణయించిన కొలత కాదు. వృద్ధ స్త్రీలపై అమెరికాలో చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో రోజుకు సుమారు 4,400 అడుగులు వేసినవారికే మేలు కనబడింది. సుమారు 7,500 వరకు ఆ మేలు పెరిగింది. కావున ఈ రోజు 10 నిమిషాలతో మొదలుపెట్టండి. వారం వారం ఐదు నిమిషాలు పెంచండి.

"ఇంటి పనంతా చేస్తున్నాం, మాకు వేరే నడక ఎందుకు?" అని అక్కలు, అమ్మలు అడుగుతుంటారు. ఇంటి పని కూడా శ్రమే. కాని అందులో వంగి నిలబడి చేసేది ఎక్కువ, వరుసగా నడిచేది తక్కువ. ఇంటిల్లిపాదికీ చేసే అమ్మకు అరగంట తీరిక ఇవ్వడం మిగిలినవారి బాధ్యత.

నడకకు ముందు జాగ్రత్తలు

షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకూడదు. పాదాలు మొద్దుబారితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. కుష్ఠు వ్యాధి వలన స్పర్శ పోయిన పాదాల కోసం మిషన్ ఆసుపత్రుల్లో ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న ఎం.సి.ఆర్. మెత్తని చెప్పులు షుగరు రోగులకు కూడా మంచివి. ప్రతి రాత్రీ పాదాలు కడిగి, తుడిచి, అరికాళ్ళు చూసుకోండి. కనబడకపోతే అద్దం పెట్టుకోండి, లేదా పిల్లల్ని చూడమనండి.

ఇన్సులిన్ లేక షుగరు మాత్రలు వాడేవారు జేబులో కొంచెం పంచదార గాని నాలుగు చాక్లెట్లు గాని ఉంచుకోవాలి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే తినాలి. నడుస్తుండగా ఛాతీలో బరువుగా, పట్టేసినట్టుగా ఉంటే ఆగిపోయి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి. అది గ్యాస్ అని సోడా త్రాగి కూర్చోవద్దు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మన ఎండాకాలంలో ఉదయం 7 గంటల లోపే నడక ముగించండి. లేదా సూర్యాస్తమయం తరువాత నడవండి. వర్షాకాలంలో ఇంటి వరండాలోనో, చర్చి ఆవరణలోనో నడవవచ్చు.

మార్చుకోవలసిన అలవాట్లు

ఉప్పు: రోజుకు ఒక్కొక్కరికి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాకు మించకూడదు. కూరలో వేసినదే కాదు, ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఎండుచేపల్లో ఉన్నది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. బి.పి. ఉన్నవారు పచ్చడిని ప్రతి పూటా కాకుండా ఎప్పుడైనా రుచికి మాత్రం వేసుకోవాలి.

అన్నం: పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పావు వంతు పప్పు, గుడ్డు, చేప వంటివి, పావు వంతు అన్నం. జొన్నరొట్టె, రాగి సంకటి మంచివే కాని వాటిని కూడా కొలతగానే తినాలి.

పొగాకు: బీడీ, సిగరెట్, చుట్ట, గుట్కా ఏదైనా హానికరమే. ఉత్తర కోస్తాలో కొందరు స్త్రీలు చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ వలన అంగిలి క్యాన్సర్ వస్తుంది. పొగ త్రాగడం మానినవారికి ఏడాదిలోనే గుండెజబ్బు ప్రమాదం పొగ త్రాగేవారితో పోలిస్తే సగానికి తగ్గుతుంది.

మందుల కవరు

ఇప్పుడు డబ్బు సంగతి. ఆదివారపు కానుక కవరును చాలా కుటుంబాలవారు ముందే తీసి పెడతారు. నెలంతా ఖర్చులు పోగా మిగిలితే చూద్దామనుకోరు. మందుల డబ్బుకు కూడా అదే పద్ధతి పాటించమని మా మనవి. జీతం వచ్చిన రోజే ఒక కవరుపై "మందులు" అని వ్రాసి అందులో డబ్బు వేయండి. దానిని పండుగ బట్టలకు గాని పెళ్ళి చదివింపులకు గాని తీయవద్దు.

ఉదాహరణకు మీ మందులకు నెలకు 300 రూపాయలు, మూడు నెలలకొకసారి రక్త పరీక్షలకు 600 రూపాయలు అవుతాయనుకోండి. నెలకు 500 అన్నమాట. ఏడాదికి 6,000. అదే మందులు మాని, పక్షవాతం వచ్చి, నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారనుకోండి. ఏడాదికి వడ్డీయే 24,000 రూపాయలు. అసలు అలాగే ఉంటుంది. మంచంలో ఉన్న మనిషి సంపాదన, ఆయన దగ్గర కూర్చున్నవారి కూలి కూడా పోతుంది.

రోజు కూలి చేసుకునేవారు ఒక డబ్బాలో రోజుకు 20 రూపాయలు వేస్తే నెలకు 600 అవుతుంది. ఆ 20 ఎక్కడి నుండి వస్తుందని అడగవచ్చు. రోజుకు 40 రూపాయలు సిగరెట్లకో గుట్కాకో పెట్టే వ్యక్తి ఏడాదికి 14,600 రూపాయలు ఖర్చు చేస్తున్నాడు. ఆ అలవాటు మానితే మందుల డబ్బు ఇంట్లోనే దొరుకుతుంది, జబ్బు కూడా తగ్గుతుంది.

ఖర్చు తగ్గించే మార్గాలు కూడా ఉన్నాయి. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బి.పి., షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు. జన ఔషధి దుకాణాల్లో జెనెరిక్ మందులు బ్రాండు మందుల కంటే చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. చీటీలో మందు అసలు పేరు వ్రాయమని డాక్టరును అడగండి. మీకు మీరే మందు మార్చవద్దు. ధర భారమైతే సిగ్గుపడకుండా మాతో చెప్పండి. డబ్బు లేదని మాత్ర ఆపేకంటే తక్కువ ధర మాత్రకు మారడం ఎంతో మేలు.

పెద్ద ఖర్చు వస్తే

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. ఇప్పుడు అది తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తోంది. 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కార్డు ఇవ్వడం 2024 అక్టోబరులో ప్రారంభమైంది. ఇటువంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్స కొరకు. రోజూ వేసుకునే మాత్రలకు వాటిని నమ్ముకోలేము. అందుకే ఇంట్లో మందుల కవరు అవసరం.

ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్య కార్డు, పాత రిపోర్టులు అన్నీ ఒకే సంచిలో పెట్టి, ఎక్కడ ఉన్నాయో ఇంట్లో అందరికీ చెప్పండి. రాత్రివేళ రోగిని తీసుకొచ్చి, కార్డు కోసం ఊరికి మనిషిని పంపడం తరచు చూస్తున్నాము. మీ జబ్బుకు పథకం వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. అప్పు తప్పనిసరి అయితే ముందు మీ పొదుపు సంఘాన్ని అడగండి. చివరకు గాని ప్రైవేటు వడ్డీకి వెళ్ళవద్దు.

ఈ నెలలో చేయవలసినవి

1. బి.పి., షుగరు చూపించుకుని, అంకెలను తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో వ్రాయండి.

2. రాత్రి భోజనం తరువాత 10 నిమిషాలు నడవండి. భార్యాభర్తలు కలిసి నడిస్తే మానరు.

3. ఆరాధనకు దగ్గరలో ఉన్నవారు ఆటో ఎక్కకుండా నడిచి రండి. స్త్రీల సమాజం, యవనస్థుల సమాజం వారానికి ఒక రోజు కలిసి నడవవచ్చు.

4. మందుల కవరు ఈ నెల నుండే ప్రారంభించండి.

5. మాత్రలు అయిపోవడానికి వారం రోజుల ముందే తెచ్చుకోండి.

వచ్చేసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు ఆ నోటు పుస్తకం వెంట తీసుకురండి. ఎన్ని రోజులు నడిచారో, ఎన్ని రోజులు మాత్ర తప్పిందో ఉన్నది ఉన్నట్టు వ్రాయండి. తప్పిందని మేము కోప్పడము. ఎందుకు తప్పిందో తెలిస్తే దానికి తగిన ఉపాయం కలిసి ఆలోచించవచ్చు.