మీకు తెలుసా? నోటిపూత ఫంగస్ కంటిదాకా పాకుతుంది!

పసిపిల్లల నాలుక మీద తెల్లటి పూత పూస్తుంది కదా, దానికి కారణం కాండిడా అనే ఫంగస్. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలో ఇదే రక్తంలోకి చేరి కంటినీ దెబ్బతీయగలదు. కిలో కూడా తూగని శిశువుకు చర్మం పల్చన, రోగనిరోధక శక్తి తక్కువ. పైగా రోజుల తరబడి రక్తనాళాల్లో సన్నటి గొట్టాలు, బలమైన యాంటీబయాటిక్స్. ప్రాణం నిలబెట్టేవీ అవే, ఫంగస్‌కు దారిచ్చేవీ అవే.

కంటి వెనకపొర అయిన రెటీనా మీద ఇది దూదిపింజల్లాంటి తెల్లని మచ్చలుగా కనబడుతుంది. అరుదుగా కంటి కటకంలోనే చీము పడుతుంది. చిక్కేమిటంటే, మొదట్లో కన్ను పైకి మామూలుగానే ఉండొచ్చు. నొప్పి ఉన్నా పసికందు చెప్పలేదాయె! అందుకే రక్తంలోనో మూత్రంలోనో కాండిడా బయటపడిన నవజాత శిశువులకు కంటిపాప విచ్చుకునే చుక్కలు వేసి రెటీనా చూడాలని అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2016 మార్గదర్శకాల్లో సూచించింది. చికిత్సకు యాంఫోటెరిసిన్-బి, ఫ్లూకొనజోల్ వంటి మందులు వారాల తరబడి వాడాల్సి వస్తుంది.

నెలలు నిండని పిల్లలకు వచ్చే రెటీనా జబ్బు (ఆర్‌ఓపీ) కోసం, పుట్టిన 30 రోజుల్లోపు మన దేశంలో చేసే కంటి పరీక్ష వేరు. రక్తం లేదా మూత్రం కల్చర్ పరీక్షలో ఫంగస్ వచ్చిందంటే ఆ తేదీ దాకా ఆగకుండా, కళ్లు చూశారా అని డాక్టరును అడగండి.