మెదడును చేరే బద్దె పురుగు లార్వాలు - పరిశుభ్రతే నివారణ మార్గం

(ప్రత్యేక వ్యాసం)

మూర్ఛతో ఆసుపత్రికి వచ్చే వారిలో కొందరి మెదడులో బద్దె పురుగు లార్వాల తిత్తులు బయటపడుచున్నవి. ‘న్యూరోసిస్టిసర్కోసిస్’గా పిలువబడు ఈ వ్యాధి నివారింపదగినది. కుందూ నది, కె.సి. కాలువల నీటితో సేద్యం సాగే కడప జిల్లా చాపాడు వంటి మండలాలలో దీనిపై అవగాహన ఎంతైనా అవసరం.

వ్యాధి సోకు విధానం: సరిగా ఉడకని పంది మాంసం ద్వారా ‘టీనియా సోలియం’ అను బద్దె పురుగు మనిషి పేగులలో చేరును. ఆ వ్యక్తి మలంలో వేలాది గుడ్లు వెలువడును. బహిరంగ మలవిసర్జన వలన అవి నేలను, నీటిని, ఆకుకూరలను చేరును. ఆహారం ద్వారా గాని, కడుగని చేతుల ద్వారా గాని ఈ గుడ్లు కడుపులో ప్రవేశించినచో, వాటి నుండి వెలువడిన లార్వాలు పేగు గోడను తొలుచుకొని రక్తంలో కలిసి కండరాలకు, కళ్లకు, మెదడుకు, అరుదుగా వెన్నుపాముకు చేరును. అచ్చట నీటి తిత్తులుగా మారి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండవచ్చును. తిత్తి నశించు దశలో చుట్టూ వాపు ఏర్పడి మూర్ఛ, తలనొప్పి కలుగును.

అపోహ - వాస్తవం: పంది మాంసం తినని వారికి ఈ వ్యాధి రాదనుట అపోహ. మాంసం వలన వచ్చునది పేగులోని పురుగు మాత్రమే. మెదడులో తిత్తులకు కారణం గుడ్లు. అమెరికాలోని న్యూయార్క్ నగరంలో మతాచారరీత్యా పంది మాంసం ముట్టని యూదు కుటుంబాలలో సైతం ఈ వ్యాధి సోకినట్లు 1992లో వైద్యులు వెల్లడించారు. పొరుగు రాష్ట్రమైన తమిళనాడులోని వేలూరు జిల్లాపై 2006లో ప్రచురితమైన అధ్యయనంలో మూర్ఛ రోగులలో సుమారు మూడో వంతు మందికి ఇదే కారణమని తేలినది.

చికిత్స: సి.టి., ఎం.ఆర్.ఐ. స్కానింగుల ద్వారా వ్యాధిని నిర్ధారింతురు. మూర్ఛ నివారణ మందులతో పాటు, అవసరమైనచో ఆల్బెండజోల్, వాపు తగ్గించు మందులు ఇత్తురు. తిత్తులు నశించునపుడు వాపు పెరిగే ప్రమాదమున్నందున సొంత వైద్యం తగదు. జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవం నాడు మాత్ర వేయుటకు ముందే, మూర్ఛ వచ్చిన పిల్లల వివరాలను తల్లిదండ్రులు ఆరోగ్య సిబ్బందికి తెలుపవలెను.

ముందు జాగ్రత్తలు:
* మరుగుదొడ్డినే వినియోగించవలెను.
* భోజనానికి, వంటకు ముందు, మలవిసర్జన తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.
* ఆకుకూరలు, పచ్చిగా తిను కూరగాయలు శుభ్రమైన నీటితో బాగుగా కడుగవలెను.
* పంది మాంసం పూర్తిగా ఉడికించవలెను. పందులను ఊరిలో విడిచిపెట్టరాదు.

మూర్ఛ వచ్చిన వారి చేతిలో ఇనుప తాళాలు పెట్టుట వలన ప్రయోజనం లేదు. రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోటిలో ఏమీ పెట్టక, 108 వాహనానికి సమాచారమివ్వవలెను. మూర్ఛను గాలి, శాపం అని భావించి కాలయాపన చేయక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని సంప్రదించిన వారికి సకాలంలో వైద్యం అందును.