థైరాయిడ్ మాత్ర: ఏ కంపెనీది కొనాలి?
చౌక రకం వాడవచ్చు. నెలకో రకం మార్చరాదు

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు లేని వూరు ఇప్పుడు అరుదు. మాత్రలు అయిపోగానే టౌనుకు వెళ్ళి డబ్బా తెచ్చుకుంటారు. ఒకసారి మందుల షాపులో "ఆ కంపెనీది లేదు, ఇదీ అదే" అని వేరే డబ్బా చేతిలో పెడతారు. ఇంకోసారి జన ఔషధి కేంద్రంలో చౌకగా దొరుకుతున్నాయని ఎవరో చెబితే అక్కడ కొంటారు. రెండూ ఒకటేనా, ధర తగ్గితే పస కూడా తగ్గుతుందా అన్న అనుమానం సహజమే. ఆ అనుమానంతో మాత్ర మానేయడం మాత్రం అన్నిటికన్నా ప్రమాదం.

పేర్లు వేరు, మందు ఒకటే

గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో వుండే థైరాయిడ్ గ్రంథి థైరాక్సిన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. అది తగ్గితే నీరసం, ఒళ్ళు బరువెక్కడం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, నెలసరి క్రమం తప్పడం వంటివి కనిపిస్తాయి. ఆ లోటును పూడ్చేదే ఈ మాత్ర. థైరాక్సిన్‌ను 1914లో అమెరికా శాస్త్రజ్ఞుడు కెండాల్ గ్రంథి నుంచి వేరు చేశాడు. 1927లో బ్రిటన్‌లో హారింగ్టన్, బార్జర్ అనే ఇద్దరు దానిని కృత్రిమంగా తయారు చేశారు. కనుక ఈ మందు ఈనాడు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు.

థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్ అని డబ్బాల మీద పేర్లు వేరుగా వున్నా లోపల వున్నది థైరాక్సిన్ సోడియమే. జన ఔషధి కేంద్రంలో ఇచ్చే మాత్రలోనూ అదే మందు వుంటుంది. కంపెనీ తాను పెట్టిన పేరుతో అమ్మితే బ్రాండు, మందు పేరుతోనే అమ్మితే జనరిక్. ఇది అత్యవసర మందుల జాబితాలో వున్నందున గరిష్ఠ ధరను కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఆ పరిమితి బ్రాండు మందుకూ వర్తిస్తుంది.

జాగ్రత్త ఎందుకు?

జ్వరం మాత్రలో మందు కొంచెం అటూ ఇటూ అయినా పెద్దగా తెలియదు. థైరాక్సిన్ సంగతి అలా కాదు. ఒక్క గ్రాము మందుతో 50 మైక్రోగ్రాముల మాత్రలు 20 వేలు తయారవుతాయి. ఇంత సూక్ష్మమైన మోతాదులో కొద్దిపాటి హెచ్చుతగ్గులు కూడా కొందరికి తేడా చేస్తాయి. మోతాదు ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు వస్తాయి. తక్కువైతే పాత నీరసమే తిరిగి వస్తుంది. అందుకే అమెరికా ప్రభుత్వం 2007లో నిబంధనలు బిగించి, గడువు తేదీ దాకా మాత్రలోని మందు లేబులు మీద రాసిన దానిలో 95 నుంచి 105 శాతం మధ్యనే వుండాలని నిర్దేశించింది.

అంతమాత్రాన ఖరీదైన బ్రాండే మేలని కాదు. సింథ్రాయిడ్ అనే పేరుమోసిన బ్రాండును మరో మూడు రకాలతో పోల్చి అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. నాలుగూ సమానంగా పనిచేస్తాయని 1990 నాటికే తేలింది. కాని పరిశోధనకు డబ్బు పెట్టిన కంపెనీయే అడ్డుపడటంతో ఆ ఫలితం 1997 దాకా అచ్చు కాలేదు.

ఫ్రాన్సులో జరిగింది ఇందుకు మరో వైపు. అక్కడ 2017లో ఒక కంపెనీ పేరు మార్చకుండా, మందు మార్చకుండా, మాత్రలో కలిపే ఇతర పదార్థాలను మాత్రమే మార్చింది. వేలాది మంది అలసట, తలనొప్పి, జుట్టు రాలడం అంటూ ఫిర్యాదు చేశారు. అంటే పాత బ్రాండునే పట్టుకుని వున్నా మార్పు ఎదురు కావచ్చునన్న మాట.

ఏం చేయాలి?

బ్రాండైనా, జనరిక్ అయినా ఒకటి ఎంచుకుని దానినే కొనసాగించాలి. పాత డబ్బా పారేయకుండా షాపుకు తీసుకువెళ్ళి చూపించాలి. కంపెనీ పేరుతో పాటు ఎన్ని మైక్రోగ్రాములో కూడా సరిచూసుకోవాలి. 25కు బదులు 75 ఇస్తే అది మూడింతల మోతాదు. మాత్రలు పూర్తిగా అయిపోయే దాకా ఆగకుండా పది రోజులు ముందుగానే కొనుక్కుంటే, దొరికిన రకం తెచ్చుకోవలసిన అవసరం రాదు.

రకం మార్చక తప్పకపోతే మారిన తేదీ చీటీ మీద రాసుకుని, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టి.ఎస్.హెచ్. రక్తపరీక్ష చేయించాలి. అంతకు ముందే చేయిస్తే ఫలితం స్థిరంగా వుండదు. చాలామందికి ఏ తేడా రాదు. తేడా వస్తే డాక్టరు మోతాదు సరిచేస్తారు.

గర్భిణులు, గుండెజబ్బు వున్నవారు, థైరాయిడ్ క్యాన్సరుకు ఆపరేషన్ అయినవారు మాత్రం డాక్టరును అడగకుండా రకం మార్చరాదు. గర్భం వచ్చిందని తెలియగానే డాక్టరుకు చూపించుకోవాలి. అప్పుడు మోతాదు పెంచవలసిన అవసరం తరచుగా వుంటుంది. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం.

తప్పు మాత్రది కాకపోవచ్చు

కొత్త డబ్బా పనిచేయడం లేదనుకునే ముందు వేసుకునే పద్ధతిని చూసుకోవాలి. మాత్రను పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా కాఫీ, టీ, టిఫిను ముట్టరాదు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం వుండాలి. లేకుంటే థైరాక్సిన్ ఒంటికి సరిగా పట్టదు. పొయ్యి దగ్గర, ఎండ పడే కిటికీలో, వేడెక్కే రేకుల కప్పు కింద డబ్బా పెట్టరాదు. వేడి, తేమ, వెలుతురు తగిలితే మందు శక్తి తగ్గిపోతుంది.

పరీక్షలో టి.ఎస్.హెచ్. బాగా వచ్చిందని మాత్ర ఆపివేయరాదు. అది బాగా వచ్చింది మాత్ర వేసుకుంటున్నందువల్లే. ధర భారమైతే చౌక రకానికి మారవచ్చు. ఆ సంగతి డాక్టరుకు చెప్పి మారాలి, సమయానికి పరీక్ష చేయించాలి, ఆపై ఆ రకాన్నే వాడాలి.