శిశువు తల కొలత



వ్యాధిని ముందుగా కనిపెట్టుటలోని మేలు ఉద్దానపు పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. మూత్రపిండముల జబ్బు చడిచప్పుడు లేక ముదురును. రక్తపరీక్ష దానిని ముందే తెలుపును. పసిబిడ్డల విషయమునను అట్టి పరీక్ష యొకటి కలదు. దీనికి సూది అక్కరలేదు. సాగని కొలత టేపు చాలును.

మెదడులో నిరంతరము నీరు ఊరి, దాని చుట్టును ప్రవహించి, తుదకు రక్తములో కలియుచుండును. ఆ దారి మూసుకొనినచో నీరు లోపల నిలిచి మెదడును నొక్కును. దీనినే జలశీర్షమందురు. శిశువు పుర్రె యెముకలింకను అతుకుకొనియుండవు గనుక, అవి యెడమై తల పెరుగును. బిడ్డ కొంతకాలము బాగుగనే కనబడును. లోపల మెదడు మాత్రము నలుగుచుండును.

టేపును ముందు కనుబొమల పైగాను, ప్రక్కల చెవుల పైగాను, వెనుక తల మిక్కిలి ఉబ్బిన చోటుగాను చుట్టవలెను. మూడుమారులు కొలిచి, అన్నిటికంటె పెద్ద కొలతను తేదీతో వ్రాయవలెను. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఇది సుమారు 34, 35 సెంటీమీటర్లుండును. మొదటి 3 నెలలు నెలకు సుమారు 2, తరువాతి 3 నెలలు నెలకు 1, పిదప ఏడాది నిండువరకు నెలకు అర సెంటీమీటరు చొప్పున పెరుగును.

ఒక్క కొలతతో నిర్ణయింపరాదు. తండ్రికో తాతకో పెద్ద తలయున్న యింట బిడ్డకును అట్లేయుండవచ్చును. కాని అది తన దారిన క్రమముగ పెరుగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన పటమున గుర్తించుచు రాగా, కొలత తన రేఖను విడిచి పై రేఖలను దాటిపోయినచో అదియే హెచ్చరిక. మాడు ఉబ్బి బిగిసినను, నెత్తిన నరములు తేలినను, కనుపాపలు క్రిందికి దిగి పైన తెల్లగ్రుడ్డు కనబడినను, మాటిమాటికి వాంతియైనను, బిడ్డ మగతగ నున్నను ఒక్కదినమైన ఆగరాదు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు వైద్యబృందములు అంగన్వాడీలలో పిల్లలను పరీక్షించును. అయితే ఆ పరీక్ష ఏడాదికి రెండుమారులు జరుగవలసినది. పసితల నెలనెలకు పెరుగునది. కావున ప్రతినెలయు కొలిపించి వ్రాయించుడు. అనుమానమైనచో టెక్కలి ప్రభుత్వాసుపత్రిలో చూపి, వారి సలహాపై శ్రీకాకుళమునకో, విశాఖ కింగు జార్జి ఆసుపత్రికో కొనిపోవలెను. మాడు గుండా తీయు స్కానింగు నొప్పి లేనిది. శస్త్రచికిత్సచే సన్నని గొట్టము నమర్చి నీటిని కడుపులోనికి మళ్లింతురు. కొందరికి లోపలనే క్రొత్తదారి చేయుదురు. గొట్టము పెట్టిన బిడ్డను తరువాతను వైద్యులకు చూపుచుండవలెను.

నలిగిన మెదడును పూర్తిగ మరల తేలేము, నలుగకుండ ఆపవచ్చును. పెద్ద తల బుద్ధికి గుర్తని మురియుటయు, దిష్టియని తాయెత్తు కట్టి నెలలు గడుపుటయు కూడదు. ఇంట మీ మాట చెల్లును. ఆ మాట బిడ్డను వేళకు ఆసుపత్రికి చేర్చుగాక.