ఒత్తిడి, పోటు, ఊపిరి: అండమాన్ దీవుల్లో సాహస విహారం

బంగాళాఖాతానికీ అండమాన్ సముద్రానికీ నడుమ ఉత్తర దక్షిణాలుగా బారులు తీరిన అండమాన్ నికోబార్ దీవులు నిజానికి నీట మునిగిన ఒక సుదీర్ఘ పర్వతశ్రేణి శిఖరాలని, మయన్మార్‌లోని అరకాన్ కొండల వరుసే సముద్రగర్భంలో దక్షిణానికి సాగి ఇక్కడ తలెత్తిందని భూవిజ్ఞానులు చెబుతారు. దీవులు, తిప్పలు, నీటిపైకి కనిపించే రాతిగుట్టలు అన్నీ కలిపి 836 అని అధికారిక లెక్క కాగా, జనం నివసించేవి వాటిలో నలభైకి లోపే. కొండలు దాదాపు ఒడ్డు దాకా దిగి రావడం వల్ల తీరం పొడవునా చిన్న చిన్న అఖాతాలు ఏర్పడ్డాయి. ఒండ్రు మోసుకొచ్చే పెద్ద నదులు లేకపోవడం వల్ల వాన లేని నెలల్లో నీరు చాలా లోతు వరకు తేటగా ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం నీటి వేడి 27 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం పగడపు జీవుల పెరుగుదలకు అనుకూలించింది. సెలవులకు వచ్చిన పర్యాటకులు నీటి అడుగున డైవింగ్, పడవ నడపడం, అడవిలో నడక వంటి సాహస క్రీడలలో పాల్గొనగలుగుతున్నారంటే దానికి ఈ మూడు కారణాలే ఆధారం.

తెలుగువారికి ఈ దీవులతో సంబంధం పర్యాటకం కన్నా చాలా పాతది. విశాఖపట్నం నుంచి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన నగరంలో, ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. జంగ్లీఘాట్ రేవు పరిసరాల్లో తెలుగు మాట ఇప్పటికీ బాగా వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల మొత్తం జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. సముద్రాన్ని వృత్తిగా ఎరిగిన ఆ కుటుంబాలకూ, సెలవులకు వచ్చి మొదటిసారి మెడ లోతు నీటిలో దిగే హైదరాబాదు, విజయవాడ వాసులకూ సముద్రం పట్ల ఉండే దృష్టి ఒకటి కాదు. మొదటివారు పోటు వేళను అడిగి తెలుసుకున్నాకే పడవ తీస్తారు. రెండవవారు చాలావరకు ధరల పట్టీని చూసి క్రీడను ఎంచుకుంటారు. ఈ రెండో పద్ధతిలోనే చిక్కు ఉంది. ఈ సముద్రంలో ఏ క్రీడనైనా నిర్ణయించేవి నీటి ఒత్తిడి, ఆటుపోట్లు, ఋతువు. వీటిని కొంతైనా అర్థం చేసుకున్న మనిషికి భయం తగ్గడమే కాక, అదే రుసుముకు కనిపించే లోకం కూడా పెరుగుతుంది.

సాహస విహారానికి కేంద్రం రాజధానికి ఈశాన్యంగా ఉన్న హేవ్‌లాక్ దీవి. 2018 డిసెంబరు నుంచి దీని అధికారిక నామం స్వరాజ్ ద్వీప్. దీవిలో విమానాశ్రయం లేదు. ఫెర్రీ రకాన్ని బట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటల ప్రయాణం. పడమటి తీరంలో ఇసుక మేట వేసిన రాధానగర్ బీచ్ ఉండగా, గోవింద్‌నగర్, విజయనగర్ గ్రామాలున్న తూర్పు తీరంలో లోతు తక్కువై, పగడపు దిబ్బలు ఒడ్డుకు దగ్గరగా ఉన్నాయి. డైవింగ్ శిక్షణ కేంద్రాలు ఎక్కువగా ఈ తూర్పు వైపే వెలిశాయి.

స్కూబా డైవింగ్ అంటే గాలి నింపిన సిలిండరును వీపున మోస్తూ, పైనున్న పడవతో ఏ గొట్టం ద్వారానూ సంబంధం లేకుండా నీటి అడుగున ఊపిరి తీసుకుంటూ సంచరించడం. సిలిండరులోని గాలి సాధారణ వాతావరణ పీడనానికి దాదాపు రెండు వందల రెట్లు అణచి ఉంటుంది. దాన్ని నేరుగా పీల్చడం అసాధ్యం కనుక, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడేంత గాలిని, పీల్చినప్పుడు మాత్రమే విడుదల చేసే రెగ్యులేటర్ అనే పరికరాన్ని నోట కరచుకుంటారు. ఫ్రాన్సుకు చెందిన నౌకాదళ అధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గన్యాన్ 1943లో రూపొందించిన ఈ ఏర్పాటే నేటి వినోద డైవింగ్‌కు పునాది. శిక్షణ లేనివారు మొదటిసారి చేసే డైవ్‌లో శిక్షకుడు పక్కనే ఉండి పరికరాలను తానే సర్దుతాడు. ప్రధాన శిక్షణ సంస్థల నియమాల ప్రకారం పదేళ్ళు నిండినవారినే అనుమతిస్తారు, 12 మీటర్లకు మించి దించరు. ఈత రావడం ఈ పరిచయ డైవ్‌కు తప్పనిసరి కాకపోవచ్చు గాని, నీటిలో ముఖం ముంచితేనే కంగారుపడే వ్యక్తి నేరుగా దీనితో మొదలుపెట్టడం తెలివైన పని కాదు.

నీటి అడుగున జరిగేదంతా ఒకే సూత్రం చుట్టూ తిరుగుతుంది. సముద్ర మట్టం వద్ద మనిషి శరీరంపై ఒక వాతావరణ పీడనం ఉంటుంది. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకు మరొకటి చేరుతుంది. పది మీటర్ల వద్ద ఒత్తిడి రెండింతలు, ఇరవై మీటర్ల వద్ద మూడింతలు. ఒత్తిడి పెరిగితే వాయువు పరిమాణం అదే నిష్పత్తిలో తగ్గుతుందని పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ బాయిల్ చూపిన నియమం పాఠశాలలో అందరూ చదివినదే అయినా, దాని అనుభవం మొదట చెవిలో కలుగుతుంది. కర్ణభేరి వెనుక ఉన్న గాలి కుంచించుకుపోయి, భేరిని లోపలికి నెట్టే నొప్పి ఒకటి రెండు మీటర్ల లోతులోనే మొదలవుతుంది. ముక్కును వేళ్ళతో మూసి మెల్లగా గాలి ఊదితే, గొంతునూ మధ్యచెవినీ కలిపే సన్నని నాళం తెరుచుకుని ఇరువైపులా ఒత్తిడి సమానమవుతుంది. నొప్పి పుట్టకముందే, దిగుతున్న కొద్దీ మళ్ళీ మళ్ళీ దీన్ని చేయాలి. నొప్పి వచ్చాక బలంగా ఊదడం వల్ల మేలు లేకపోగా హాని కలుగుతుంది. జలుబు చేసినప్పుడు ఆ నాళం వాచి మూసుకుపోతుంది కాబట్టి, ఎంత డబ్బు కట్టినా ఆ రోజుకు డైవ్ మానుకోవడమే మార్గం. ఒత్తిడిలో మార్పు నిష్పత్తి మొదటి పది మీటర్లలోనే అత్యధికమని గుర్తిస్తే, లోతు తక్కువ కనుక ప్రమాదం లేదనే వాదన ఎంత తప్పో తెలుస్తుంది.

ఇదే సూత్రం పైకి వచ్చేటప్పుడు తిరగబడుతుంది. పది మీటర్ల లోతులో నిండుగా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే, ఆ గాలి ఉపరితలం వద్దకు చేరేసరికి రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులకు అంత చోటు లేదు. ఊపిరిని ఎన్నడూ బిగబట్టరాదన్న నియమాన్ని శిక్షకులు అన్నిటికన్నా ముందు చెప్పడానికి కారణం ఇది. ఈతలో ఊపిరి బిగబట్టడం నేర్చినవారికి ఈ నియమం కొత్తగా ఉంటుంది కనుక, ఈత బాగా వచ్చినవారికే దీన్ని రెండుసార్లు చెప్పడం మంచిదేమో.

రెండో ప్రమాదం నత్రజనిది. అధిక పీడనంలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోకి, కణజాలంలోకి కరుగుతుంది. గోళీసోడా గోళీని నొక్కిన క్షణంలో బుడగలు ఎగదన్నినట్టే, పీడనం ఒక్కసారిగా తగ్గితే కరిగిన నత్రజని శరీరంలోనే బుడగలు కట్టి కీళ్ళ నొప్పుల నుంచి పక్షవాతం దాకా దారితీయవచ్చు. అందుకే మెల్లగా పైకి రావడం, అయిదు మీటర్ల లోతులో సుమారు మూడు నిమిషాలు ఆగడం ఆచారంగా స్థిరపడ్డాయి. విమానం క్యాబిన్‌లో పీడనం నేల మీద కన్నా తక్కువ, దాదాపు 2,400 మీటర్ల ఎత్తు కొండపై ఉన్నంతగా ఉండవచ్చు. కాబట్టి ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, పలు డైవ్‌లు చేసినవారు కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలన్నది డైవింగ్ వైద్యుల సూచన.

సూత్రాలన్నీ సరే, అడుగున కనిపించేదేమిటి? ముఖానికి తగిలించుకున్న అద్దం వెనుక గాలి ఉండటంతో కాంతి వంగి, చేపలు ఉన్నదానికన్నా దగ్గరగా, పెద్దవిగా కనిపిస్తాయి. ఎరుపు రంగు కొద్ది మీటర్లలోనే నీటిలో ఇంకిపోయి అంతా నీలి బూడిద రంగుకు తిరుగుతుంది. శిక్షకుడు టార్చి వేయగానే అదే రాయి మీద ఎరుపూ నారింజా బయటపడతాయి. సముద్ర పుష్పం అనదగిన ఎనిమోన్ అనే జీవి విషపు కేశాల మధ్య నిర్భయంగా మెలిగే చారల చేపలు నీమో రీఫ్ అని పిలిచే తూర్పు తీరపు దిబ్బల దగ్గర మొదటి డైవ్‌లోనే కనిపిస్తాయి. శిక్షణ పూర్తి చేసినవారికి ఇంకా లోతుగా జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ వంటి చోట్లు ఉన్నాయి. బ్రిటిష్ పాలకులు 1920ల్లో బర్మా నుంచి తెచ్చి మధ్య అండమాన్‌లో స్థిరపరచిన కరెన్ సమాజానికి చెందిన డైవర్ల పేర్లే ఈ చోట్లకు నిలిచాయి.

నీటి పైభాగాన తేలుతూ, నోట గొట్టం పెట్టుకుని కిందికి చూడటం స్నార్కెలింగ్. గొట్టం ఇంకొంచెం పొడవుగా ఉంటే ఇంకా లోతుకు వెళ్ళవచ్చు కదా అని తోచడం సహజమే గాని, అర మీటరు దాటితే చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి ఎదుర్కొని ఛాతీ వ్యాకోచించడం కష్టమవుతుంది, వదిలిన గాలే గొట్టంలో నిలిచి మళ్ళీ లోపలికి వస్తుంది. లైఫ్ జాకెట్ వేసుకుని స్థానిక గైడు వెంట ఎలిఫెంట్ బీచ్‌లో చేసే స్నార్కెలింగ్ ఈత రానివారికి మంచి ఆరంభం. అక్కడా, రాజధాని ఎదుటి నార్త్ బే వద్దా సీ వాక్ కూడా ఉంది: పై నుంచి పంపు ద్వారా గాలి అందే బరువైన శిరస్త్రాణం ధరించి కొద్ది మీటర్ల లోతులో ఇసుక మీద నడవడం. జుట్టు కూడా తడవదని దీన్ని ప్రచారం చేస్తారు; చెవుల విషయంలో మాత్రం ఇందులోనూ అదే ఒత్తిడి, అదే జాగ్రత్త. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఆరోగ్య పత్రంలో నిజం దాచడం కన్నా ప్రమాదకరమైన సాహసం ఈ దీవుల్లో మరొకటి లేదు.

పగడాలను రాళ్ళనుకునేవారు ఇంకా ఉన్నారు. అవి వేలాది చిన్న జీవులు కలిసి సున్నపు గూడు కట్టుకున్న సమూహాలు. వాటి కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలు కాంతితో ఆహారం తయారుచేసి పంచుతాయి, రంగు చాలావరకు వాటిదే. నీటి వేడి వారాల తరబడి హద్దు దాటితే ఈ పొత్తు చెడి, శైవలాలు వెళ్ళిపోయి పగడం తెల్లబారుతుంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో అండమాన్ దిబ్బలకు ఈ నష్టం కలిగింది. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ తీరంలో నేల మీటరుకు పైగా లేచి పగడాలు గాలికి బయటపడి చనిపోగా, దక్షిణాన గ్రేట్ నికోబార్‌లో నేల కుంగింది. ఇన్ని దెబ్బలు తిన్న దిబ్బ మీద పర్యాటకుడి పాదం ఆనడం చిన్న విషయం కాదు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. చచ్చిన ముక్కైనా సరే ఇంటికి తెచ్చుకోవడం నేరం, తిరుగు ప్రయాణంలో సామాను తనిఖీలో పట్టుబడవచ్చు.

ఆటుపోట్లు రోజుకు రెండేసి సార్లు వస్తాయి, అమావాస్యకూ పౌర్ణమికీ వాటి తేడా పెరుగుతుంది. స్వరాజ్ ద్వీప్ తూర్పు తీరంలో ఆటు వేళ నీరు వెనుకకు తగ్గి, దూరం వరకు బురద, పదునైన పగడపు గుట్టలు తేలుతాయి కనుక, మడ అడవుల మధ్య కయాక్ నడపాలంటే పోటు వేళకే బయలుదేరాలి. కయాక్ అంటే ఒకరు లేదా ఇద్దరు కూర్చుని రెండు కొసల తెడ్డుతో నడిపే సన్నని పడవ. గోదావరి జిల్లాల కోరంగి మడ అడవులను చూసినవారికి వేళ్ళను ఊతకర్రలుగా దించుకున్న ఈ చెట్లు కొత్తవి కావు. ఒండ్రు నీటికి బదులు తేటనీరు ఉండటం వల్ల ఇక్కడ వేళ్ళ మధ్య చేపపిల్లలు స్పష్టంగా కనిపించడమే తేడా. చంద్రుడు లేని రాత్రి ఇదే దారిలో వెళితే, తెడ్డు కదిపిన చోటల్లా నీరు నీలిగా మెరుస్తుంది. కదలిక తగిలినప్పుడు లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజనుతో కలిసి వెలుగునిచ్చే ఏకకణ ప్లవకాలు ఇందుకు కారణం. వెన్నెల ఉన్న రాత్రి ఈ యాత్రకు డబ్బు కట్టడం దండగ.

మడ వాగుల్లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయన్న సంగతిని ప్రచార పత్రాలు సాధారణంగా పెద్ద అక్షరాల్లో వేయవు. 2010లో రాధానగర్ సమీపాన ఒక విదేశీ పర్యాటకురాలు స్నార్కెలింగ్ చేస్తూ మొసలికి బలైంది. హెచ్చరిక పలకలు ఉన్నచోట, వాగు సముద్రంలో కలిసే చోట, సాయంసంధ్య వేళ నీటిలో దిగరాదు. రాధానగర్ అలల్లో మరో ప్రమాదం, ఒడ్డు నుంచి లోపలికి లాగే ఇరుకైన ప్రవాహం. దానిలో చిక్కినవారు ఒడ్డు వైపు పోరాడి అలసిపోకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది పక్కకు తప్పుకోవాలి.

నేల మీది సాహసాలలో ఉత్తర అండమాన్‌లోని 732 మీటర్ల శాడిల్ పీక్ ఎక్కడం శ్రమతో కూడినది. రాజధాని సమీపంలోని మౌంట్ హారియట్ దారి సులువు. బారతాంగ్ సున్నపురాతి గుహలకు వెళ్ళే దారి జారవా తెగ రక్షిత అటవీప్రాంతం గుండా సాగుతుంది. అక్కడ వాహనం ఆపడం, ఫొటో తీయడం, ఆహారం విసరడం నిషిద్ధం; మనుషులను చూడటానికే ఆ దారిన వెళ్ళాలనుకోవడం సాహసమూ కాదు, విహారమూ కాదు.

నైరుతి ఋతుపవనాలు మే నెలలో చేరి సముద్రాన్ని కలచివేస్తాయి కాబట్టి, డైవింగ్‌కు జనవరి నుంచి ఏప్రిల్ వరకు అనువైన కాలం. గాలివానలకు ఫెర్రీలు రద్దు కావడం అక్కడ మామూలే. దీన్నీ, విమానానికి ముందు ఆగవలసిన గంటలనూ కలిపి ఆలోచిస్తే ప్రయాణ క్రమం తనంతట తానే తేలుతుంది: రాజధానికి చేరిన వెంటనే స్వరాజ్ ద్వీప్‌కు వెళ్ళి డైవింగ్ ముందు ముగించుకోవాలి, కయాకింగ్, స్నార్కెలింగ్ తర్వాతి రోజులకు ఉంచాలి, సెల్యులర్ జైలు, మౌంట్ హారియట్ చివరికి మిగిల్చి, విమానానికి ముందు కనీసం ఒక పూర్తి రోజు రాజధానిలో గడపాలి. విశాఖ ఓడ దొరికినవారికి మాత్రం ఈ గంటల లెక్క అక్కర లేదు. రెండు రోజులకు పైగా సాగే ఆ ప్రయాణం మొత్తం సముద్ర మట్టం మీదే కదా.