వార్తల్లో పదం: బాకోసైడ్లు

గోదావరి డెల్టాలో కాలువల వెంట, తడి చేల గట్ల మీద పాకే చిన్న మొక్క నీటి బ్రాహ్మి. సరస్వతి ఆకుగా పిలిచే మండూకపర్ణి వేరే మొక్క. నీటి బ్రాహ్మిలోని సపోనిన్ రసాయనాలే బాకోసైడ్లు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ వీటిపై ఏళ్ల తరబడి పనిచేసింది. ఆరోగ్యవంతులపై జరిపిన కొన్ని చిన్న ప్రయోగాల్లో, నీటి బ్రాహ్మి సారాన్ని వారాల తరబడి వాడాక జ్ఞాపకశక్తి కొంత మెరుగైంది. మతిమరుపు ముదిరే జబ్బు డిమెన్షియాకు పనిచేస్తుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు.

మొక్కల్లో మందు దొరకదని కాదు. స్నోడ్రాప్ జాతి మొక్కల నుంచి వచ్చిన గాలాంటమైన్‌ను అల్జీమర్స్‌కు వాడేందుకు అమెరికా 2001లో అనుమతించింది. 3,069 మంది వృద్ధులపై పరీక్షించిన జింకో చెట్టు ఆకుల సారం మాత్రం డిమెన్షియాను ఆపలేదని 2008లో తేలింది. ఇంట్లో పెద్దవాళ్లకు మతిమరుపు ముదురుతుంటే ముందు డాక్టరుకు చూపించండి. వాడుతున్న ఆకు మందు సంగతీ దాచకుండా చెప్పండి.